ఫోన్ హ్యాక్ అయిందా? ఆ ఫోన్‌లోనే పాస్‌వర్డ్ మార్చకండి

ముందుజాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి. మెసేజ్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (స్టోర్ బయట నుంచి యాప్‌ను నేరుగా వేసే ఫైల్) ఎవరు పంపినా సరే, ముట్టుకోకండి. లాక్‌కి ఆరంకెల పిన్ పెట్టండి. ప్యాటర్న్ వద్దంటే వద్దు. ఫోన్‌ను వెలుతురుకు కాస్త ఏటవాలుగా పట్టి చూడండి, గాజు మీద వేలి జిడ్డుతో మీ ప్యాటర్న్ గీసినట్టే కనిపిస్తుంది.

బ్యాటరీ త్వరగా అయిపోతోందని హ్యాక్ అయిందనుకోకండి, అది పాతబడి కూడా అవుతుంది. మీరు అడగని ఓటీపీలు, మీరు పంపని మెసేజ్‌లు కనిపిస్తే మాత్రం వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టండి. వైఫై ఆగిందో లేదో విడిగా చూడండి, కొన్ని ఫోన్లలో అది ఆగదు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. నంబర్ గూగుల్‌లో వెతక్కుండా, కార్డు వెనకాల చూసుకోండి.

అసలు తప్పు జరిగేది దీని తర్వాతే. టెన్షన్‌లో అందరూ అదే ఫోన్ తీసి పాస్‌వర్డ్ మార్చేస్తారు. లోపల కూర్చున్న దొంగ యాప్ ఆ కొత్త పాస్‌వర్డ్‌నీ చూస్తుంది, వచ్చిన ఓటీపీనీ చదువుతుంది. దొంగ ఇంట్లో ఉండగానే కొత్త తాళంచెవి వాడి చేతిలో పెట్టినట్టు!

అందుకే సిమ్ తీసి, నమ్మకమైన వేరే ఫోన్‌లో వేయండి. ఓటీపీలు ఇక అక్కడికే వస్తాయి. మొదట మార్చాల్సింది ఈమెయిల్ పాస్‌వర్డ్. బ్యాంకు, సోషల్ మీడియా అన్నీ తర్వాతే, ఎందుకంటే వాటి రీసెట్ లింకులు చాలావరకు మెయిల్‌కే వస్తాయి. మార్చి ఊరుకుంటే సరిపోదు. రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మీవేనా? మెయిల్స్ వేరే అడ్రస్‌కి ఫార్వర్డ్ అయ్యేలా ఎవరైనా పెట్టారా? హ్యాకర్ ఇక్కడ తనది ఒక్కటి పెట్టుకున్నా మళ్లీ లోపలికి వస్తాడు. లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో ఇప్పుడు వాడుతున్నది తప్ప అన్నిటినీ సైన్ అవుట్ చేయండి.

ఇవన్నీ అయ్యాకే ఫ్యాక్టరీ రీసెట్. యాంటీవైరస్‌తో శుభ్రం చేసుకోవచ్చంటారు కానీ, నాకు నమ్మకం లేదు. యాక్సెసిబిలిటీ అనుమతి (స్క్రీన్ చదివి, మీ బదులు నొక్కే అనుమతి) దక్కించుకున్న దొంగ యాప్ ఉంటే, అన్‌ఇన్‌స్టాల్ నొక్కబోయేసరికి సెట్టింగ్స్ పేజీ దానంతటదే మూసుకుపోతుంది. దానితో కుస్తీ పట్టేకన్నా, ఫోటోలు, కాంటాక్టులు బ్యాకప్‌లో ఉన్నాయో లేదో చూసుకుని అంతా చెరిపేయడమే మేలు. తర్వాత పాత బ్యాకప్ నుంచి యాప్‌లు తెచ్చుకోకండి. స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా కొత్తగా వేసుకోండి.