చర్మం చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: ఎరుపు కనపడని ఒంటి మీద పడక పుండును ముందే పట్టుకోవడం

పోయిన పాఠంలో చర్మం రంగు, తేమ, సాగే గుణం చూశాం. ఈసారి ఒక్క విషయం మీదే కూర్చుందాం. పడక పుండు (బెడ్‌సోర్) అంటే కదలకుండా పడుకున్నవాళ్లకి ఒకే చోట ఒత్తిడి పడి వచ్చే పుండు. అది ఇంకా పుండు కాకముందే దాన్ని పట్టుకోవడం ఎలా?

పడక పుండు మొదటి దశ గురించి మనం చదువుకున్నది ఇది: చర్మం చిట్లదు, ఎముక ఉన్న చోట ఎర్రగా ఉంటుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు తెల్లబడదు. మామూలు ఎరుపైతే నొక్కగానే రక్తం పక్కకు జరిగి తెల్లబడి, వేలు తీశాక మళ్లీ ఎర్రబడుతుంది. బాగానే ఉంది, కానీ మన వార్డుల్లో ఎక్కువమందిది చామనఛాయ, నలుపు. అలాంటి ఒంటి మీద ఎరుపు తేలిగ్గా దొరకదు, ఆ చోటు పక్క చర్మం కన్నా కాస్త ముదురుగానో ఊదాగానో ఉంటుంది, అంతే.

డ్యూటీలో చేరిన కొత్తలో, పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ మడమ చూసి ఎరుపు లేదు కదా అని కేస్ షీట్‌లో "చర్మం బాగుంది" అని రాసేశాను. రెండు రోజులకి సరిగ్గా అక్కడే నల్లటి రక్తపు పొక్కు లేచింది. ఆ రోజు చెయ్యి పెట్టి చూసి ఉంటే బహుశా తెలిసేదని ఇప్పటికీ బాధపడతాను.

అందుకే వేళ్లతో చూడటం నేర్చుకోండి. వీలైతే పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద రంగు మోసం చేస్తుంది. చేతులు కడుక్కుని, వేళ్ల వెనక వైపుతో ముందు పక్క చర్మాన్ని, తర్వాత అనుమానం ఉన్న చోటును తాకండి. వెచ్చగా తగిలినా, చల్లగా తగిలినా లెక్కే. తర్వాత మెల్లగా నొక్కండి: గట్టిపడి ఉందా, లేక మిగలపండిన జామపండులా మెత్తగా దిగిపోతోందా? కుడి మడమను ఎడమ మడమతో పోల్చండి. నొప్పి ఉందా అని అడగండి, మాట లేనివాళ్లయితే నొక్కేటప్పుడు ముఖం చూడండి.

ఎక్కడెక్కడ చూడాలంటే, వెల్లకిలా పడుకున్నవాళ్లకి తల వెనక, మోచేతులు, నడుము కింది ఎముక, మడమలు. పక్కకి పడుకుంటే తుంటి, చీలమండ. ఆక్సిజన్ ట్యూబు ఆనే చెవి వెనక కూడా చూడండి, అది చాలామంది వదిలేస్తారు.

డైపర్ తడికి ఒరిసిపోయిన చర్మాన్ని పడక పుండు అనుకుని కంగారు పడుతుంటారు. తడి వల్ల వచ్చేది మడతల్లో, అంచు తెలియకుండా పరుచుకుంటుంది, ఒత్తిడి వల్ల వచ్చేది ఎక్కువగా ఎముక మీదే ఉంటుంది. రెండూ కలిసి రావడం కూడా మామూలే.

ఒత్తిడికి దెబ్బతిన్న చోటు కనపడితే ఇంటివాళ్లు ప్రేమగా కొబ్బరినూనె రాసి రుద్దుతారు. వద్దని నచ్చజెప్పండి, లోపల దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమ పరుపుకి ఆనకుండా చూడండి. మామూలుగా రెండు గంటలకోసారి తిప్పుతాం, తిప్పాక ఒళ్లు పక్కకి 30 డిగ్రీలు వాలితే చాలు.

కేస్ షీట్‌లో ఇలా రాయండి: "కుడి మడమ, 2×3 సెం.మీ., చర్మం చిట్లలేదు, పక్క కన్నా ముదురు, వెచ్చన, మెత్తన, నొక్కితే నొప్పి." మీ తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్ ఇది చదివి అదే చోట చెయ్యి పెట్టగలగాలి.

ఈ వారం రోజుకి ఇద్దరు పేషెంట్ల మడమలు కళ్లు మూసుకుని తాకి, తేడా ఏమిటో నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో పడక పుండు వచ్చే ముప్పు ఎంతో మార్కులతో అంచనా వేసే బ్రేడెన్ స్కేల్: 6 అంశాలు, మొత్తం 23 మార్కులు, 18 కానీ అంతకన్నా తక్కువ కానీ వస్తే ఏం చేయాలో చూద్దాం.