కొత్త డివిజన్ లైవ్‌లోకి వెళ్లేముందు: సేల్స్ ఆర్డర్లలో చూసుకోవాల్సినవి

కంపెనీలు అమ్మకాలు, లెక్కలు నడిపే శాప్ (SAP) సాఫ్ట్‌వేర్‌లో కొత్త డివిజన్ (సరుకుల వర్గం) కోడ్ సృష్టించడం నిమిషాల పని. చిక్కంతా ఆ తర్వాత పడే ఆర్డర్లతోనే. నెలాఖరు రద్దీలో ఈ మార్పు లైవ్‌కి పంపకండి. ఫైనాన్స్ వాళ్లు పాత నెల మూసేశాక పంపితే, తప్పు దొరికినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే: ఐటమ్‌కి (ఆర్డర్‌లోని ఒక్కో సరుకు వరుసకి) డివిజన్ ఎక్కణ్ణుంచి వస్తోంది? హెడర్‌లో (ఆర్డర్ మొత్తానికి వర్తించే పై భాగంలో) ఉండే డివిజన్ సేల్స్ ఏరియాలో (సేల్స్ సంస్థ, అమ్మకపు మార్గం, డివిజన్‌ల కలయికలో) భాగం. ఐటమ్‌ది వేరు. ఆర్డర్ టైప్ సెట్టింగ్‌ల స్క్రీన్ అయిన వీఓవీ8లో మీ ఆర్డర్ టైప్ తెరిచి 'ఐటమ్ డివిజన్' టిక్ చూడండి. టిక్ ఉంటే మెటీరియల్ మాస్టర్ (సరుకు వివరాల రికార్డు) నుంచి వస్తుంది, లేకపోతే హెడర్‌లోదే అన్ని ఐటమ్‌లకూ పడుతుంది. రెండూ వేరైతే ఏం చేయాలో 'చెక్ డివిజన్' చెబుతుంది: ఖాళీగా ఉంటే సిస్టమ్ ఏమీ అనదు, 1 అయితే హెచ్చరిస్తుంది, 2 అయితే ఎర్రర్ ఇస్తుంది.

ఒకే ఆర్డర్‌లో పలు డివిజన్ల సరుకు అమ్మేవాళ్లు 2 పెడితే ఎంట్రీ దగ్గరే పని ఆగిపోతుంది. వాళ్లు హెడర్‌కి ఉమ్మడి డివిజన్ పెట్టి (చాలాచోట్ల 00 వాడతారు), ఐటమ్ టిక్ ఆన్ చేసి, చెక్ ఖాళీగా వదలడం మేలు. డివిజన్లు కలవకూడదని నియమం ఉంటే మాత్రం 2 పెట్టండి. 1 మీద నాకు నమ్మకం లేదు. రోజంతా ఆర్డర్లు కొట్టేవాళ్లు హెచ్చరిక చదవకుండానే ఎంటర్ నొక్కేస్తారు, అందుకు వాళ్లను తప్పుపట్టలేం.

ఐటమ్ డివిజన్ తప్పైతే ఆ దెబ్బ ఆర్డర్‌లో కనబడదు. ప్లాంటు, ఐటమ్ డివిజన్‌లను బట్టి బిజినెస్ ఏరియా (లెక్కల్లో వ్యాపార విభాగం) తీసుకునేలా సెట్ చేసుకున్న కంపెనీల్లో రాబడి వేరే ఏరియా కింద పోస్ట్ అవుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇది ఫైనాన్స్ వాళ్లు లెక్కలు చూసేదాకా బయటపడలేదు. ఇన్వాయిస్‌లు రద్దు చేసి మళ్లీ వేశాం, ఆ వారమంతా టెన్షనే. మెటీరియల్ మాస్టర్‌లో డివిజన్ సరిచేసినా, అప్పటికే సేవ్ అయిన ఆర్డర్లకు ఆ మార్పు దానంతటది రాదు. అందుకే మార్పుకు ముందే ఆర్డర్ల జాబితా స్క్రీన్ వీఏ05లో ఓపెన్ (ఇంకా పూర్తికాని) ఆర్డర్ల జాబితా తీసి, వాటిని ఏం చేయాలో రాసుకోండి.

కస్టమర్‌ను కొత్త డివిజన్‌కి విస్తరించకపోతే (ఆ డివిజన్ కింద కస్టమర్ డేటా సృష్టించకపోతే) ఆ సేల్స్ ఏరియాలో ఆర్డర్ తెరుచుకోదు. ఉమ్మడి డివిజన్లు నిర్ణయించే స్క్రీన్ వీఓఆర్2లో ఉమ్మడి డివిజన్ ఇస్తే ఆ శ్రమ తప్పుతుంది. అక్కడ కస్టమర్ డేటాకీ కండిషన్లకీ (ధరల రికార్డులకీ) కాలమ్‌లు విడివిడిగా ఉంటాయి. కస్టమర్‌ది నింపి కండిషన్లది మరిస్తే ఆర్డర్ పడుతుంది, ధర మాత్రం రాకపోవచ్చు.

టెస్ట్ ఆర్డర్ ఒకటి చాలదు. రెండు డివిజన్ల ఐటమ్‌లు కలిపి ఒకటి, కొత్త డివిజన్‌తో మాత్రమే ఒకటి, రిటర్న్ ఒకటి వేయండి. రిటర్న్ ఆర్డర్ టైప్‌కి వీఓవీ8 సెట్టింగ్ వేరు, దాన్నే అందరూ మరిచిపోతారు. మూడింటినీ బిల్లింగ్ దాటించి, అకౌంటింగ్ డాక్యుమెంట్ తెరిచి, బిజినెస్ ఏరియా ఫైనాన్స్ వాళ్ల పక్కన కూర్చుని చూడండి.