పాత గేమ్ మళ్లీ ఆడాలంటే: రీమాస్టర్ కొనాలా, ఒరిజినల్‌కే ప్యాచ్ వేసుకోవాలా?

డెఫినిటివ్, రీమాస్టర్డ్, హెచ్‌డీ, ఎన్‌హాన్స్‌డ్, క్లాసిక్. ఇరవై ఏళ్ల కిందటి గేమ్ పేరు పక్కన ఇలాంటి మాట ఏది కనిపించినా దాన్ని చూసి డబ్బు కట్టకండి. ఈ మాటలకు గేమ్ పరిశ్రమలో కట్టుబాటైన అర్థం లేదు, కంపెనీకి ఏది అమ్ముడుపోతుందనిపిస్తే అది పెట్టుకుంటుంది. మీరు తేల్చుకోవాల్సింది వేరు: లోపల నడిచేది పాత కోడా, కొత్తదా? కొత్తది వచ్చాక పాతది కొనుక్కునే దారి ఇంకా ఉందా?

పాత కోడ్‌ను ఇప్పటి విండోస్ మీదో కన్సోల్ మీదో నడిచేలా సర్ది అమ్మితే అది రీ-రిలీజ్. పాత ఆట ఎముకల్ని అలాగే ఉంచి బొమ్మలు, శబ్దం, కంట్రోల్స్ మెరుగుపరిస్తే రీమాస్టర్. కోడ్, బొమ్మలు, కెమెరా అన్నీ మొదటి నుంచి కొత్తగా కడితే రీమేక్. ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడాలంటే సైలెంట్ హిల్ 2 చాలు. 2001లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఆ గేమ్‌ని కోనామి 2012లో హెచ్‌డీ కలెక్షన్‌గా మళ్లీ తెచ్చింది. పూర్తయిన సోర్స్ కోడ్ భద్రపరచకపోవడంతో, ఆ పని చేసినవాళ్లకు అందింది సగం సగం కోడే. ఒరిజినల్‌లో ఎప్పుడో సరిచేసిన బగ్గులు మళ్లీ పైకి లేచాయి. ఊరంతా కమ్ముకోవాల్సిన పొగమంచు పలచబడి, అది దాచిన మ్యాప్ అంచులు బయటపడ్డాయి. 2024లో బ్లూబర్ టీమ్ చేసిన రీమేక్ మంచి పేరే తెచ్చుకుంది గానీ, అందులో కెమెరా భుజం వెనక ఉంటుంది, ఆట నడక వేరు. ఒరిజినల్‌లోని దూరపు కెమెరా, అది పుట్టించే భయం కావాలంటే రీమేక్ ఆ కోరిక తీర్చదు.

పాత గేముల్లో పొగమంచు, చిన్న చిన్న గదులు, తక్కువ వెలుతురు చాలాసార్లు హార్డ్‌వేర్ చాలక పెట్టినవే. పెట్టాక డిజైనర్లు వాటి మీదే ఆటను కట్టారు. ఇది తెలియకుండా ‘శుభ్రం’ చేసిన రీమాస్టర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

కొనేముందు ఏం చూడాలి

మొదట గ్రాఫిక్స్ మార్చే బటన్ ఉందేమో చూడండి. స్టార్‌క్రాఫ్ట్ రీమాస్టర్డ్‌లో ఎఫ్5 నొక్కితే, డయాబ్లో 2 రిసరెక్టెడ్‌లో జి నొక్కితే, టూంబ్ రైడర్ 1-3 రీమాస్టర్డ్‌లో ఎఫ్1 నొక్కితే ఆట మధ్యలోనే పాత బొమ్మలు వచ్చేస్తాయి. అలా మారాలంటే అడుగున పాత ఆట నడుస్తూ ఉండాలి. కాబట్టి ఈ బటన్ ఉన్న రీమాస్టర్‌ను సాధారణంగా నమ్మొచ్చు. లేనంత మాత్రాన చెడ్డదని కాదు, ఇంకాస్త వెతకాలి, అంతే.

రెండోది, కొత్తది రాగానే పాతదాన్ని దుకాణం నుంచి తీసేశారా? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం 2010కి ముందు అక్కడ విడుదలైన క్లాసిక్ గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవు. మిగిలిన కొద్దిపాటిలోనూ ఒరిజినల్‌ను దాచేసి కొత్తదాన్నే అంటగట్టడం రీమాస్టర్ పేరుతో జరిగే అసలు నష్టం. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, అది కొనని పాత ఆటగాళ్ల కంప్యూటర్‌లోని గేమ్ ప్రోగ్రామ్ (క్లయింట్) కూడా కొత్తదానికి మారిపోయింది. దీనికి ఎదురుగా క్యాప్‌కామ్‌ను చూడండి. రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ 2019లో వచ్చింది, 1998 నాటి ఒరిజినల్‌ను 2024లో జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో డీఆర్‌ఎం (కాపీ రక్షణ) లేకుండా మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఏది కావాలో కొనేవాడి ఇష్టం. అన్ని కంపెనీలూ ఇలా చేస్తే ఈ గైడ్ సగానికి తగ్గేది.

మూడోది పాటలు. లైసెన్స్ తీసుకున్న పాటల హక్కులు చాలాసార్లు కొన్నేళ్లకే ఉంటాయి. గడువు తీరాక వచ్చే రీ-రిలీజ్‌లో, ఒక్కోసారి మామూలు అప్‌డేట్‌లో కూడా, అవి చప్పుడు లేకుండా మాయమవుతాయి.

నాలుగోది రిఫండ్. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆట సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. జీఓజీలో 30 రోజుల గడువు ఉంటుంది. ఆ రెండు గంటల్ని కట్‌సీన్లు (ఆట మధ్యలో వచ్చే కథ దృశ్యాలు) చూస్తూ గడపకండి. వర్షం, రాత్రి, నీళ్లు, వేగంగా బండి నడపడం, సేవ్ చేసి మళ్లీ లోడ్ చేయడం, ఇవన్నీ పరీక్షించండి. రీమాస్టర్లు ముందుగా తేలిపోయేది అక్కడే.

ఇక ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు, 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ తీసుకోండి. ల్యాప్‌టాప్ బలహీనమైతే విడిగా ఇచ్చే 4కే గ్రాఫిక్స్ ప్యాక్ దించుకోకుండా ఉంటే సరి.

శాన్ ఆండ్రియాస్: ఏది తీసుకోవాలి

మన నెట్ సెంటర్లలో జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) గేములైన వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ ఆడి పెరిగినవాళ్లకు ఎక్కువగా వచ్చే సందేహం దీని గురించే. శాన్ ఆండ్రియాస్ 2004లో ప్లేస్టేషన్ 2కి, 2005 జూన్‌లో పీసీకి వచ్చింది. 2021 నవంబర్ 11న జీటీఏ 3, వైస్ సిటీలతో కలిపి డెఫినిటివ్ ఎడిషన్‌గా విడుదల చేశారు. అన్‌రియల్ ఇంజిన్ 4 మీద దీన్ని తయారుచేసిన గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్, వార్ డ్రమ్ స్టూడియోస్ అన్న పాత పేరుతో 2013లో ఈ గేమ్‌ను ఫోన్లకు తెచ్చిన సంస్థే.

విడుదలైనప్పుడు దాని పరిస్థితి ఘోరం. వాన తెల్లటి గీతల్లా పడి రోడ్డు కనపడనిచ్చేది కాదు. బొమ్మల్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి పదును పెట్టడంతో బోర్డుల మీద అక్షరాలు తప్పుల తడకలయ్యాయి. పైగా పాత పొగమంచు తీసేశారు. కొండెక్కితే లాస్ శాంటోస్ నుంచి శాన్ ఫియెరో దాకా ఒకే చూపులో కనిపించి, రాష్ట్రమంత పెద్దదనిపించిన మ్యాప్ కాస్తా పేటంతైపోయింది. జీటీఏ కంపెనీ రాక్‌స్టార్ క్షమాపణ చెప్పి ప్యాచ్‌లు ఇచ్చింది. అసలైన మార్పు మాత్రం 2024 నవంబర్ అప్‌డేట్‌తో వచ్చింది. అందులో క్లాసిక్ లైటింగ్ అనే సెట్టింగ్ ఇచ్చారు. అది ఆన్ చేస్తే ఆకాశం రంగు, దూరపు మసక పాతదానికి దగ్గరగా వస్తాయి.

ఇప్పుడు మా సలహా: ఫోన్‌లోనో కన్సోల్‌లోనో ఆడేవాళ్లు డెఫినిటివ్ ఎడిషనే తీసుకుని ముందుగా క్లాసిక్ లైటింగ్ ఆన్ చేసుకోండి. పీసీ ఉండి, ఒరిజినల్ ఇదివరకే స్టీమ్ లైబ్రరీలో ఉంటే కొత్తది కొనొద్దు. 2021 అక్టోబర్‌లో ఒరిజినల్స్‌ను డిజిటల్ దుకాణాల నుంచి తీసేసినా, అంతకుముందు కొన్నవాళ్ల లైబ్రరీలో అవి అలాగే ఉన్నాయి. మెషీన్ సంగతి చూసినా లెక్క ఇటే మొగ్గుతుంది. డెఫినిటివ్‌కు కనీసం 8 జీబీ ర్యామ్, వేరుగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒరిజినల్ 256 ఎంబీ ర్యామ్ కాలంనాటిది, ఏ ఆఫీసు ల్యాప్‌టాప్ మీదైనా నడుస్తుంది.

పాత డిస్కులు దాచుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉన్న ఏ గేమైనా విండోస్ 10 నుంచి డిస్కుతో తెరుచుకోదు, దాని డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ భద్రత కోసం ఆపేసింది. నెట్ సెంటర్ల నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ‘రిప్’ కాపీల మీద సమయం వృథా చేయకండి. సైజు తగ్గించడానికి రేడియో, కట్‌సీన్ ఆడియో కోసేసిన కాపీకి ఏ ప్యాచ్ వేసినా పోయిన శబ్దం తిరిగి రాదు.

ఒరిజినల్‌ను ఇప్పటి విండోస్‌లో నిలబెట్టడం

1. గేమ్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. అక్కడ ఫైళ్లు మార్చడానికి విండోస్ ఒప్పుకోదు, మోడ్‌లు (గేమ్‌ను మార్చే అభిమానుల ఫైళ్లు) పనిచేయకపోవడానికి సగం సార్లు కారణం ఇదే. డి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసుకోండి, స్టీమ్‌లోనైతే ముందే అక్కడో లైబ్రరీ ఫోల్డర్ కలుపుకోండి. డైరెక్ట్‌ప్లే (పాత గేములు వాడే విండోస్ భాగం) కావాలని విండోస్ అడిగితే కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, లెగసీ కాంపొనెంట్స్ కింద దానికి టిక్ పెట్టండి.

2. ఏ మోడ్ వేయకముందే గేమ్‌ను ఒకసారి తెరిచి, మెనూ దాకా వచ్చాక మూసేయండి. తర్వాత మొత్తం గేమ్ ఫోల్డర్‌ను మరోచోటికి కాపీ చేసి పెట్టుకోండి. 5 జీబీ కూడా ఉండదు, ఏది చెడినా ఈ కాపీతో అయిదు నిమిషాల్లో వెనక్కి రావచ్చు.

3. మోడ్‌లను గేమ్‌లోకి ఎక్కించే అల్టిమేట్ ఏఎస్ఐ లోడర్‌ను దించుకుని, గేమ్‌ను తెరిచే ఎక్జిక్యూటబుల్ (.exe) ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి. తప్పనిసరిగా 32 బిట్ వెర్షనే తీసుకోవాలి. మీ విండోస్ 64 బిట్ అయినా గేమ్ 32 బిట్‌దే. 64 బిట్ లోడర్ వేస్తే మోడ్‌లు లోడ్ కావు, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. యాంటీవైరస్ ఒక్కోసారి ఈ ఫైల్‌ను పట్టుకుని క్వారంటైన్‌లో వేస్తుంది, మాయమైతే ముందు అక్కడ చూడండి.

4. సైలెంట్‌ప్యాచ్ వేయండి. జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లకు వేర్వేరు ప్యాచ్‌లున్నాయి, కలపకండి. విండోస్ 8 తర్వాత శాన్ ఆండ్రియాస్‌లో మౌస్ పనిచేయకపోవడం లాంటి ఎన్నో లోపాలను ఇది సరిచేస్తుంది. ఒక్క మోడే వేసుకుంటామంటే వేయాల్సింది ఇదే.

5. వైడ్‌స్క్రీన్ ఫిక్స్ వేయండి. ఆ రోజుల్లో మానిటర్లు 4:3. ఇప్పటి 16:9 తెర మీద ఒరిజినల్ బొమ్మను పైనా కిందా కోసేస్తుంది, మ్యాప్ చక్రం కోడిగుడ్డులా సాగుతుంది. ఫిక్స్ వేశాక వృత్తం వృత్తంలా ఉందో లేదో చూస్తే పనిచేసిందీ లేనిదీ తెలిసిపోతుంది.

ఒక్కొక్కటి వేసి, ఒకసారి నడిపి చూసి, తర్వాతిదానికి వెళ్లండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే క్రాష్ ఎవరి వల్లో తేల్చడం కష్టం.

డిస్‌ప్లే సెట్టింగుల్లో ఫ్రేమ్ లిమిటర్‌ను ఆన్‌లోనే ఉంచండి. ఆట నున్నగా నడుస్తుందని దాన్ని ఆపేస్తే అసలుకే మోసం వస్తుంది. ఈ ఇంజిన్‌లో కదలికల లెక్క ఫ్రేముల వేగానికి ముడిపడి ఉంది. అది పెరిగేకొద్దీ హీరో సీజే నీళ్లలో ఈదలేక మెల్లగా కదులుతాడు, బండ్ల తీరు మారుతుంది, కొన్ని మిషన్లు నెగ్గడం అసాధ్యమవుతుంది.

వెర్షన్ గురించి కూడా తెలుసుకోవాలి. స్టీమ్‌లో ఉన్నది 2014 నవంబర్‌లో మార్చిన కాపీ. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ చక్కగా పనిచేస్తుంది గానీ రేడియోలో చాలా పాటలు పోయాయి. వైస్ సిటీలోనూ ఇదే కథ, మైకేల్ జాక్సన్ పాటలు లేవు. పాటలతో పాటు క్లియో మోడ్‌లు (అదనపు స్క్రిప్టులతో నడిచేవి) కూడా కావాలంటే డౌన్‌గ్రేడర్ అనే సాధనంతో మొదటి పీసీ వెర్షన్ 1.0కి వెళ్లాలి. అప్పుడు కంట్రోలర్ కోసం జీఇన్‌పుట్ మోడ్ వేసుకోవాలి. డౌన్‌గ్రేడ్ చేశాక స్టీమ్‌లో ‘వెరిఫై’ నొక్కకండి, చేసిన పనంతా తుడిచేసి కొత్త వెర్షన్‌ను తెచ్చి పెడుతుంది.

ఎదురయ్యే చిక్కులు

గేమ్ తెరుచుకోగానే మూసుకుపోతుంటే, మౌస్ స్పందించకపోతే, డాక్యుమెంట్స్‌లోని శాన్ ఆండ్రియాస్ యూజర్ ఫైల్స్ ఫోల్డర్ తెరిచి సెట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్‌ను తీసేయండి. అది సెట్టింగుల ఫైల్ మాత్రమే, గేమ్ మళ్లీ తయారుచేసుకుంటుంది. ఆ ఫోల్డర్ అక్కడ కనపడకపోతే వన్‌డ్రైవ్ లోపలి డాక్యుమెంట్స్‌లో వెతకండి.

విండోస్ 11కి 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక స్కిమ్మర్ అనే నీటి విమానం ఆటలోంచి మాయమైంది. మోడ్‌తో తెప్పించుకుని ఎక్కితే మనిషిని ఆకాశంలోకి విసిరేసేది. తప్పు విండోస్‌ది కాదు, 2004 నుంచీ గేమ్‌లోనే దాక్కుని ఉంది. బండ్ల వివరాలున్న ఫైల్‌లో స్కిమ్మర్ వరుసకు చక్రాలకు సంబంధించిన చివరి నాలుగు అంకెలు రాయడం మరిచిపోయారు. వైస్ సిటీలో అది పడవల జాబితాలో ఉండేది, చక్రాల కొలత అవసరం ఉండేది కాదు. శాన్ ఆండ్రియాస్‌లో విమానమైంది, కొలత మాత్రం చేర్చలేదు. ఆ ఖాళీలో గేమ్ అంతకుముందు వరుసలోని టాప్‌ఫన్ వ్యాన్ కొలతనే, మెమరీలో మిగిలి ఉన్నది మిగిలినట్టు, ఇరవై ఏళ్లు వాడుకుంది. కొత్త విండోస్ ఆ మెమరీని మధ్యలో తన పనికి వాడుకోవడంతో బండారం బయటపడింది. తాజా సైలెంట్‌ప్యాచ్‌లో ఇది సరిచేశారు. చేత్తో చేసుకోవాలంటే డేటా ఫోల్డర్‌లోని వెహికల్స్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 460తో మొదలయ్యే స్కిమ్మర్ వరుస చివర కామా పెట్టి -1, 0.7, 0.7, -1 అని చేర్చి సేవ్ చేయండి.

రీమాస్టర్ చేసే కంపెనీల కంటే ఈ ప్యాచ్‌లు రాసే అభిమానులకే పాత కోడ్ లోతు బాగా తెలుసనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. వాళ్లు డబ్బు కూడా అడగరు.

సేవ్ ఫైళ్లు ఆ యూజర్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లతో ఉంటాయి. విండోస్ మళ్లీ వేసేముందు ఈ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి. 2014 స్టీమ్ వెర్షన్ సేవ్‌లూ 1.0 సేవ్‌లూ ఒకదాంట్లో ఒకటి తెరుచుకోవు. కాబట్టి ఏ వెర్షన్‌లో ఆడాలో మొదటి మిషన్‌కు ముందే తేల్చుకోండి. సగం దాకా వచ్చి డౌన్‌గ్రేడ్ చేస్తే మళ్లీ గ్రోవ్ స్ట్రీట్‌కు సైకిల్ తొక్కడం నుంచే మొదలుపెట్టాలి.