కంటైనర్‌ని రీడ్-ఓన్లీ చేసే ముందు డాకర్ డిఫ్ చూడండి

పలాసలో జీడిపప్పు వ్యాపారుల బిల్లింగ్ యాప్ కావచ్చు, విజయనగరంలో ఏదైనా కాలేజీ ఫీజుల సైట్ కావచ్చు, డాకర్‌లో (యాప్‌ని దానికి కావలసినవాటితో కలిపి కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్) నడుపుతుంటే మాత్రం కంటైనర్ రూట్ ఫైల్‌సిస్టమ్‌ని, అంటే లోపలి ఫైళ్లన్నిటినీ, రీడ్-ఓన్లీగా (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) పెట్టండి. యాప్‌లో ఏదో లొసుగు పట్టుకుని లోపలికి దూరినవాడు మీ కోడ్ ఫైళ్లు మార్చలేడు. అలాగని దాడులన్నీ ఆగిపోవు, మెమరీలోనే నడిచేవి, డేటాబేస్ మీదకి వెళ్లేవి దీనికి చిక్కవు.

చాలామంది నేరుగా ఆప్షన్ పెట్టేస్తారు, కంటైనర్ లేవదు, టెన్షన్‌పడి తీసేస్తారు. వరస మార్చండి. ముందు మామూలుగానే నడిపి, లాగిన్ అయ్యి, బిల్లు కొట్టి, ఫోటో అప్‌లోడ్ చేసి, పీడీఎఫ్ దించుకుని, అంటే రోజూ జరిగే పనులన్నీ ఒకసారి చేశాక, డాకర్ డిఫ్ కమాండ్‌కి కంటైనర్ పేరు ఇచ్చి కొట్టండి. ఒక ఫైళ్ల జాబితా వస్తుంది, ప్రతి లైను మొదట్లో ఉన్న అక్షరం ఏ అంటే కొత్తగా వచ్చినది, సీ అంటే మారినది, డీ అంటే పోయినది. యాప్ ఎక్కడెక్కడ రాస్తోందో ఆ జాబితాలోనే తెలిసిపోతుంది.

వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌నే (nginx) తీసుకోండి. వార్ (/var) కింద క్యాష్‌లో తన పేరుతో ఉన్న ఫోల్డర్‌లో రాస్తుంది, రన్ ఫోల్డర్‌లో పిడ్ ఫైలు (తన ప్రాసెస్ నంబరు రాసుకునేది) పెడుతుంది. ఈ రెండింటికీ, టెంప్ (/tmp) ఫోల్డర్‌కీ టీఎంపీఎఫ్ఎస్ (tmpfs, ర్యామ్‌లో ఉండే తాత్కాలిక ఫోల్డర్) ఇచ్చి, డాకర్ రన్‌కి రీడ్-ఓన్లీ ఆప్షన్ తగిలిస్తే లేస్తుంది. డీఫాల్ట్ కాన్ఫిగ్ ఫైలు మార్చలేకపోయానని లాగ్‌లో ఒక లైను వస్తుంది, అది ఐపీవీ6 కోసం స్టార్టప్ స్క్రిప్ట్ చేసే ప్రయత్నం, పట్టించుకోనక్కర్లేదు.

టీఎంపీఎఫ్ఎస్‌కి సైజు తప్పకుండా రాయండి, 64 ఎంబీ లాగా, ఎందుకంటే అది తినేది ర్యామ్‌నే. పైగా డాకర్ దాన్ని నోఎగ్జెక్‌తో (అందులోని ఫైళ్లని ప్రోగ్రాముల్లా నడపనివ్వకుండా) మౌంట్ చేస్తుంది కాబట్టి, టెంప్‌లోకి నేటివ్ లైబ్రరీ విప్పుకుని లోడ్ చేసే జావా యాప్‌లు అక్కడ ఆగిపోతాయి, వాటికి మాత్రం ఎగ్జెక్ ఇవ్వాలి.

కంటైనర్ ఆగితే టీఎంపీఎఫ్ఎస్‌లో ఉన్నదంతా పోతుంది. కరెంటు పోయి సర్వర్ ఆగినా అంతే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, కాబట్టి మన జిల్లాల్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. బిల్లులు, ఫోటోలు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డేటా వాల్యూమ్‌లోకే (కంటైనర్ ఆగినా నిలిచి ఉండే డాకర్ స్టోరేజీ) వెళ్లాలి. రూట్ రీడ్-ఓన్లీ అయినా వాల్యూమ్‌లో రాయడం ఆగదు.

కుబర్నెటిస్‌లో (చాలా కంటైనర్లని కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) అయితే సెక్యూరిటీ కాంటెక్స్ట్‌లో రీడ్ఓన్లీరూట్‌ఫైల్‌సిస్టమ్‌కి ట్రూ అని పెట్టండి, టీఎంపీఎఫ్ఎస్ బదులు ఎంప్టీడిర్ (emptyDir) అనే తాత్కాలిక ఫోల్డర్ ఇవ్వండి.

అంతా అయ్యాక కంటైనర్‌లోకి వెళ్లి ఎట్సీ (/etc) ఫోల్డర్‌లో టచ్ కమాండ్‌తో ఒక ఖాళీ ఫైలు పెట్టి చూడండి, రీడ్-ఓన్లీ అని ఎర్రర్ రావాలి. నెలాఖరు జీఎస్టీ రిపోర్టు లాంటివి కూడా ఆరోజే ఒకసారి నడిపి చూడండి, రోజూ నడవని కోడే ఎక్కడో కొత్త చోట రాయబోయి పడిపోతుంది.