బాష్‌లో ట్యాబ్ పూరణను మనమే రాసుకోవడం

బెంగళూరులోని మారతహళ్ళి పీజీ గదుల్లో ఉంటూ కొత్తగా కమాండ్ లైన్ నేర్చుకుంటున్న మన తెలుగువారు చాలామంది, ట్యాబ్ మీట సగం టైపు చేసిన ఫైళ్ళ పేర్లను పూర్తిచేయడానికే పనికివస్తుందనుకుంటారు. నిజానికి ఏ కమాండ్ తరువాత ఏ పదాలు రావాలో మనమే నిర్ణయించుకునే వీలు, మనం టైపు చేసే కమాండ్లను నడిపే ప్రోగ్రామైన బాష్‌లో 2.04 వెర్షన్ నుంచీ ఉంది.

నగర బస్సుల వేళలు చూపే ‘బస్సు’ అనే స్క్రిప్టును మీరు రాసుకున్నారనుకుందాం. స్టాపుల పేర్లు మారనివైతే, ‘కంప్లీట్’ కమాండుకు పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇచ్చి, కొటేషన్ గుర్తుల మధ్య మెజెస్టిక్, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ పేర్లను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, కామాలు లేకుండా ఖాళీలతో వేరుచేసి, చివర స్క్రిప్టు పేరు రాస్తే చాలు. ఇప్పుడు స్క్రిప్టు పేరు తరువాత ఎం, ఏ అక్షరాలు కొట్టి ట్యాబ్‌ను రెండుసార్లు నొక్కితే మొదటి రెండు పేర్లూ కనిపిస్తాయి. డబ్ల్యూ కొట్టి ఒక్కసారి నొక్కితే వైట్‌ఫీల్డ్ పూర్తవుతుంది.

పేర్లు మారుతూ ఉంటే పెద్ద ఎఫ్ ఆప్షన్‌తో ఒక ఫంక్షన్‌ను జతచేయాలి. దానికి బాష్ మూడు విలువలు అందిస్తుంది: కమాండ్ పేరు, సగం టైపు చేసిన పదం, దాని ముందరి పదం. రెండో విలువను, పేర్ల జాబితాతో పాటు, సరిపోలే పేర్లను ఏరి ఇచ్చే ‘కంప్‌జెన్’ కమాండుకు ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని ‘కంప్‌రిప్లై’ అనే అర్రేలో (విలువల జాబితాను దాచుకునే చోట) ఉంచాలి. ఈ అర్రే పేరంతా పెద్ద అక్షరాలే. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఫలితాన్ని తెరపై ముద్రిస్తే ప్రయోజనం లేదు, బాష్ ఆ అర్రేను మాత్రమే చదువుతుంది.

సరిగా పనిచేస్తోందని చూసుకున్నాక, ఆ వరుసలను హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే, బాష్ మొదలవుతూ చదువుకునే ‘బాష్‌ఆర్‌సీ’ ఫైలు చివర చేర్చి కొత్త టెర్మినల్ తెరవండి.