గంజు అడుగున మిగిలేది: ఇంటి వంటలో వృథాను తగ్గించుకునే పద్ధతి

ఇంట్లో ఏ పదార్థం ఎక్కువగా వృథా అవుతోందో తెలుసుకోకుండా మిగిలినవాటితో ఏం వండుకోవాలో వెతకడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. హనుమకొండలో నలుగురం ఉండే మా ఇంట్లో మూడేళ్ల కిందట ఒక వారం రోజులపాటు పారేసిన ప్రతి పదార్థాన్నీ పాత క్యాలెండర్ వెనుక రాసిపెట్టాను. వాడిపోయిన కూరగాయలే ఎక్కువగా ఉంటాయని నా అంచనా. తీరా చూస్తే ఏడు రోజుల్లో ఐదు రోజులు బుట్టలోకి పోయింది అన్నమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో పారేసే ఆహారం మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలు. ఆ అంకెను చూసి బెంగపడటం కంటే ఒక వారం రాసి చూసుకోవడం మేలు. ఎందుకంటే ఒకరింట్లో అన్నం పోతే మరొకరింట్లో కొత్తిమీర, ఇంకొకరింట్లో పిల్లల డబ్బాలో తిరిగొచ్చిన రొట్టె పోతుంది.

అన్నం మిగలడానికి అసలు కారణం కొలత లేకపోవడం. చాలా ఇళ్లలో డబ్బాలో ఏ గ్లాసు దొరికితే ఆ గ్లాసుతో, పైగా ‘ఎవరైనా వస్తారేమో’ అని మరో గుప్పెడు కలిపి బియ్యం పోస్తారు. ఆ గుప్పెడు మన మర్యాదలో భాగమే గాని, ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోన్ చేసే వస్తున్నారు, కుక్కర్లో అన్నం అరగంటలో అవుతుంది; అందుకని ఆ గుప్పెడును నేను మానేశాను. బియ్యం డబ్బాలో ఒకే స్టీలు గ్లాసు ఉంచండి. పెద్దవాళ్లకు ఒక పూటకు మనిషికి 100 నుంచి 125 గ్రాముల బియ్యం సరిపోతాయి, అవి ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు తూగుతాయి. మీ గ్లాసులో ఎన్ని గ్రాములు పడతాయో కిరాణా కొట్టులో ఒకసారి తూకం వేయించుకుంటే చాలు. బియ్యం పాతవో కొత్తవో కూడా గమనించాలి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ దుకాణాల్లో నెలకు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. అవైనా, బయట కొన్నవైనా, కొత్త బియ్యమైతే పాత బియ్యానికి పోసినన్ని నీళ్లు పోసినప్పుడు అన్నం ముద్దవుతుంది. ముద్దయిన అన్నాన్ని పిల్లలు పళ్లెంలోనే వదిలేస్తారు.

ఇంత కొలిచినా ఏదో ఒక పూట మిగులుతుంది. మిగిలినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న కంటే ముందు, అది పొయ్యి దిగి ఎంతసేపయింది అన్న ప్రశ్న రావాలి. ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. ఒక మే నెలలో మా ఇంట్లో చిన్న దావత్ జరిగింది. రాత్రి పదిగంటలకు పెద్ద గంజులో సగం దాకా బగారా అన్నం మిగిలితే, అలసిపోయి మూతపెట్టి పడుకున్నాం. తెల్లవారి మూత తీస్తే వాసన బాగానే ఉంది. మా అత్తమ్మ మాత్రం అన్నం మధ్యలోకి వేళ్లు గుచ్చి, ‘చెయ్యి పెట్టి చూడు బిడ్డా, లోపల ఇంకా వేడిగనే ఉన్నది, ఇది తినేది కాదు’ అన్నది. వేడిచేస్తే సరిపోతుందని నేను మొండికేసి వేడిచేసి పెట్టాను. మధ్యాహ్నంలోపు ముగ్గురికి వాంతులయ్యాయి.

అప్పుడు నాకు తెలియని సంగతి ఏమిటంటే, బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి తాలూకు బీజాలు ఉడికించినా చావవు. అన్నం 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, వాంతులు తెప్పించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. లోతైన గంజులో మూతపెట్టిన అన్నం తెల్లవారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది కాబట్టి దానికంటే అనువైన చోటు ఆ జీవికి దొరకదు. వాసన చూసి తేల్చుకోవడం ఇక్కడ పనికిరాదు.

కాబట్టి పద్ధతి ఇది. అందరూ తిన్న వెంటనే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి తాంబాళంలో రెండు అంగుళాలకు మించని మందంతో పరచి, ఫ్యాను కింద పెట్టి, ఆరగానే చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఈ పనంతా వండిన రెండు గంటల్లోపు, ఎండలు మండే రోజుల్లోనైతే గంటలోపే పూర్తి కావాలి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నాన్ని మర్నాడే వాడుకోవాలి, పొగలు కక్కేలా ఒక్కసారే వేడిచేయాలి, వేడిచేసినది మళ్లీ మిగిలితే దాచకూడదు.

సద్దన్నం సంగతి వేరు, కానీ దానికీ నియమం ఉంది. రాత్రి భోజనం కాగానే వేడి తగ్గిన అన్నాన్ని శుభ్రమైన మట్టికుండలోకి తీసి, అన్నం మునిగి పైన నాలుగు వేళ్ల ఎత్తున కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక చెంచా తాజా పెరుగు కలపాలి. పెరుగులోని పులుపు చెడ్డ జీవులు పెరగడాన్ని కొంత అడ్డుకుంటుంది. పొద్దున ఏడెనిమిది గంటలకల్లా ఉప్పు, సల్ల కలుపుకొని ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో తినేయాలి. మధ్యాహ్నం దాకా ఉంచడానికి అది పాతకాలపు పొలం సద్ది కాదు. చంటిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవారికి నేనైతే పెట్టను.

ఫ్రిజ్‌లో పెట్టిన చల్లని అన్నం పొడిపొడిగా ఉంటుంది గనుక పోపుకు తాజా అన్నం కంటే అదే మేలు. ఎల్లిపాయ కారంతో పోపన్నం, చింతపండు పులిహోర ఎవరికీ నేర్పనక్కర్లేదు. నేను ఎక్కువగా చేసేది సర్వపిండి. కొన్నిచోట్ల గిన్నప్ప, తపాలచెక్క అని కూడా అంటారు. మామూలుగా బియ్యప్పిండితో చేసే ఈ వంటలో రెండు గ్లాసుల పిండికి ఒక గ్లాసు మిగిలిన అన్నం కలపవచ్చు. అన్నాన్ని ముందు చేత్తో మెత్తగా మెదపాలి, మెతుకు మిగిలితే అక్కడ పిండి విరుగుతుంది. అందులో పిండి, గంటసేపు నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లాకు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలపాలి. అన్నంలోనే తడి ఉంటుంది కాబట్టి నీళ్లు చిలకరించినట్టుగానే పోయాలి. నిన్నటి పప్పు ఫ్రిజ్‌లో గరిటెడు ఉంటే నీళ్లకు బదులు దానితోనే తడిపితే రుచి పెరుగుతుంది, ఉప్పు మాత్రం తగ్గించాలి. సర్వకు, అంటే గుండ్రటి అడుగున్న గిన్నెకు, లోపల నూనె రాసి, పిండిముద్దను అడుగు నుంచి పక్కలకు వేళ్లతో పలచగా ఒత్తి, నాలుగైదు చోట్ల వేలితో రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో కాస్త నూనె విడవాలి. మూతపెట్టి సన్నని మంటమీద పది పన్నెండు నిమిషాలు ఉంచితే అంచులు సర్వను వదిలి ఎర్రబడతాయి. రెండోది ఒత్తాలంటే సర్వ చల్లబడాలి, కాలుతున్న దాంట్లో చేయి పెట్టలేం. అందుకే మా ఇంట్లో రెండు సర్వలుంటాయి, ఒకటి పొయ్యిమీద ఉంటే ఒకటి బోర్లించి నీళ్ల కింద ఉంటుంది.

రొట్టెలు మిగిలితే మలీద చేయడం సులువు. సద్దుల బతుకమ్మకు తాజా రొట్టెలతో చేసే మలీదనే రాత్రి మిగిలిన జొన్న రొట్టెలతోనూ, చపాతీలతోనూ చేసుకోవచ్చు. రొట్టెను పెనం మీద మళ్లీ కరకరలాడేలా కాల్చి, చేత్తో నలిపి, దంచిన బెల్లం, యాలకులు, నెయ్యి కలిపి ముద్దలు కట్టాలి. మేడారం జాతర ఏడాదైతే మా వైపు ఇళ్లలో ‘బంగారం’ ప్రసాదంగా తెచ్చుకున్న బెల్లం గడ్డలు వానాకాలం దాకా ఉండి నీరుకారిపోతుంటాయి. ఆ బెల్లానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

పప్పు మిగిలితే అదే పూట చింతపండు రసం పోసి మరిగించి పప్పుచారు చేయాలి. పుల్లబడిన పెరుగు సల్లచారుకు, పులిసిన దోసెపిండి ఉల్లిగడ్డ కలిపి గుంతపొంగనాలకు పనికొస్తాయి. పచ్చిపులుసు మాత్రం పచ్చి ఉల్లిగడ్డ వేసి కలిపేది కాబట్టి దాచడం కంటే తక్కువగా చేసుకోవడమే సరైన పని.

కూరగాయల విషయంలో తప్పు అంగడిలోనే మొదలవుతుంది. కుమార్‌పల్లి మార్కెట్లోనో, లక్ష్మీపురం మార్కెట్లోనో, ఊళ్లో వారపు అంగడిలోనో చీకటిపడే వేళకు కుప్పలు చవకవుతాయి. చవకగా వచ్చిందని మూడు కట్టల తోటకూర తెచ్చి రెండు కట్టలు పారేస్తే చవక ఎక్కడిది? ఆకుకూరలు రెండు రోజులకు, మిగతావి నాలుగైదు రోజులకు మించి కొనకూడదు. కొత్తిమీరను కడగకుండా, వేళ్లు కోసేసి, పొడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే వారం నిలుస్తుంది. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఒకే బుట్టలో ఉంటే ఆలుగడ్డ త్వరగా మొలకెత్తుతుంది, విడిగా ఉంచాలి.

మనం పచ్చడిని తొక్కు అంటాం, కాయ మీది పొరను తొక్క అంటాం. బీరకాయ తొక్కతో తొక్కు చేయడానికి ఆ ఒక్క అక్షరమే అడ్డం. కాయను ఉప్పునీళ్లలో కడిగి, పైన గరుకుగా ఉండే ఈనెలను గీకేసి, లేత తొక్కను చెంచా నూనెలో రంగు మారేదాకా వేయించాలి. వేయించిన నువ్వులు, ఎండుమిరపకాయలు, చింతపండు, జీలకర్ర, ఎల్లిపాయలు, ఉప్పుతో కలిపి కచ్చాపచ్చాగా నూరితే రెండు రోజులు వస్తుంది. సొరకాయ తొక్క, కొత్తిమీర కాడలు కూడా ఇలాగే పనికొస్తాయి. చేదుగా ఉన్న బీర, సొర కాయలను మాత్రం తొక్కతోసహా పారేయాలి, ఆ చేదు కడుపులో హాని చేస్తుంది.

టమాట ధర పడిపోయి రైతు రోడ్డు పక్కన పారబోసే రోజులు ఎండాకాలంలో వస్తే వరుగులు పెట్టుకోవచ్చు. గట్టి టమాటలను అడ్డంగా బిళ్లలుగా కోసి, ఉప్పు చల్లి, ఉతికిన ధోవతి మీద మిద్దెపై పరచి, పైన పలచని గుడ్డ కప్పి, సాయంత్రం లోపలికి తెచ్చుకుంటూ మూడు నాలుగు రోజులు ఎండనివ్వాలి. వంచితే పుటుక్కున విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి సీసాలో బూజుగా మారుతుంది. గోరుచిక్కుడు, వంకాయ వరుగులకూ ఇదే పరీక్ష. ముసురు పట్టిన శ్రావణంలో పప్పులో నాలుగు బిళ్లలు వేసుకుంటే ఆ రోజు మార్కెట్‌కు పోనక్కర్లేదు.

ఆదివారం మాంసం కూర మిగిలితే వెడల్పు గిన్నెలో ఆరబెట్టి, ఒక పూటకు సరిపడా భాగాలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో, ఒక్కో భాగాన్ని కుతకుత ఉడికేలా వేడిచేసి వాడాలి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే కరెంటు పోయినా సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది, అంతకు మించితే మాంసం, పాలు, అన్నం అనుమానించాల్సినవే. డబ్బా మీద చిన్న కాగితంపై తేదీ రాసి అతికించండి, మిగిలినవాటిని పై అరలో కళ్లముందు ఉంచండి. వెనక్కి నెట్టిన గిన్నె నాలుగు రోజుల తర్వాత పారేయడానికే బయటికి వస్తుంది. అలాంటి గిన్నెలు మా ఇంట్లోనూ ఉండేవి.

పొదుపు పేరుతో తినకూడనివి కొన్ని ఉన్నాయి. బూజు పట్టిన, ముడుచుకుపోయి చేదెక్కిన పల్లీలను, బూజుపట్టిన మక్కలను ఏరి వాడుకోవద్దు. వాటిలో చేరే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా ఉడికించినా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సజ్జపిండి త్వరగా ముక్కవాసన పడుతుంది కాబట్టి రెండు వారాలకు సరిపడానే పట్టించుకోవాలి.

ఇంతచేసినా తొక్కలు, కాడలు మిగులుతాయి. దగ్గరలో బర్రెలున్న ఇల్లుంటే బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టికి పంపవచ్చు. పాసిపోయిన అన్నం, మసాలా కూరలు వద్దు, పాలిథిన్ కవర్‌లో కట్టి అసలే వద్దు, పశువు కవర్‌తోసహా మింగుతుంది. ఆ వసతి లేనివాళ్లు పాత పెయింటు బకెట్‌ను బాగా కడిగి, అడుగునా పక్కలా రంధ్రాలు పెట్టి, ఒక పొర ఎండుటాకులు, ఒక పొర తొక్కలు వేస్తూ పోవాలి. చెడువాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు రెట్టింపు చేసి కర్రతో కలియతిప్పాలి. రెండు మూడు నెలల్లో మట్టివాసన వేసే నల్లని ఎరువు తయారవుతుంది. మా మిద్దెమీది కరివేపాకు కుండీకి రెండు గుప్పెళ్లు వేసి, వారానికోసారి పుల్లని సల్లను నీళ్లతో పలచన చేసి మొదట్లో పోస్తున్నాను. సర్వపిండిలోకి కరివేపాకు కొనే పని ఇప్పుడు లేదు.