మృగశిర లోపే గోడ బొమ్మ: ముందు చూసుకోవాల్సినవి

ఎండాకాలం సెలవులు రాగానే పడకగది గోడ మీద బొమ్మ వేద్దామన్న ఉత్సాహం హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మొదలవుతుంది. ఒకరికి చేర్యాల నకాషీ బొమ్మల ఎర్ర నేపథ్యం కావాలి, ఇంకొకరికి అరిటాకులూ రామచిలుకలూ చాలు. ఏది వేసినా రంగులు కొనే ముందు గోడ సంగతి తేల్చుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి, లేకపోతే ఖాళీ చేసే రోజు అడ్వాన్సు దగ్గర పేచీ వస్తుంది.

నన్నడిగితే ఈ పనికి దసరా దాటాక వచ్చే చలికాలమే మేలు. సెలవుల్లోనే చేయాలంటే మే మొదటి సగంలో ముగించండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పడమటి గోడ సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. అలాంటి గోడ మీద నీళ్లతో కలిపే రంగు బ్రష్ తిప్పేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి పదింటికల్లా ఆపేయండి. జూన్ 8 దరిదాపుల్లో మృగశిర వచ్చి ముసురు పట్టిందంటే కథ తిరగబడుతుంది: గాలిలో తేమ పెరిగి ఒక కోటు ఆరడానికే రోజంతా పట్టవచ్చు, పైగా జల్లు లోపలికి కొడుతుందని కిటికీలు మూస్తాం.

ఇక చెమ్మ. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. బాత్రూమ్ అవతలి గోడ, ఏసీ నీళ్ల పైపు దిగే మూల, పై అంతస్తు ఫ్లాట్‌లో స్లాబ్ కింది అంచు, ఈ మూడింటినీ అనుమానించాల్సిందే. రెండు మూడు జానల పాలిథిన్ కవరు ముక్కను గోడకి పెట్టి నాలుగువైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, ఒక రోజు పైనే వదిలేయండి. తీసి చూస్తే గోడవైపు నీటి బొట్లు కనబడ్డాయంటే తేమ గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు మాత్రమే తడి ఉంటే అది గాలిలో తేమ, అంత టెన్షన్ అక్కర్లేదు. గోడ మీద తెల్లటి పొడి పూసి ఉంటే అది ఉప్పు. లోపలి నీరు ఉప్పును పైకి లాక్కొచ్చి, తాను ఆవిరై దాన్ని వదిలేస్తుంది. దాని మీద రంగు వేస్తే వానాకాలానికి అప్పడంలా పొంగి పెచ్చులూడుతుంది. ముందు లీకేజీ ఆపించండి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, గోడ పూర్తిగా ఆరాక పుట్టీ, ప్రైమర్ వేయండి. డ్యాంప్ ప్రూఫ్ కోటు ఒకటి కొట్టేస్తే చాలని ఎవరు చెప్పినా నీరు ఎక్కడ్నుంచి వస్తోందో ముందు చూపించమనండి.

కోకాపేటలోనో నల్లగండ్లలోనో కొత్త ఫ్లాట్ తీసుకున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. సిమెంటు ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం 28 రోజులైనా గడవాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగుల్ని వెలిసిపోయేలా చేస్తుంది.

బర్కత్‌పురా, మలక్‌పేట వైపు పాత ఇళ్లలో గండం వేరు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమలైంది. అంతకుముందు కొట్టిన ఆయిల్ పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దకండి. తడిపి రుద్దండి, నేలను తడిగుడ్డతో తుడవండి, మంచి ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఆ మాస్కు దుమ్మునే ఆపుతుంది, ఆయిల్ పెయింట్‌ను పల్చన చేసే థిన్నర్ వాసనను ఆపదు. చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ ఈ పని జరిగినన్నాళ్లు ఆ గదివైపు రానివ్వకండి.

నిచ్చెన ఎక్కేవాళ్లు కింద పడతామేమోనని చూసుకుంటారు గానీ నెత్తిమీది ఫ్యాన్‌ను మరచిపోతారు. ఉక్కపోతకి ఎవరో గదిలోకి వచ్చి అలవాటుగా స్విచ్ నొక్కుతారు, పైమెట్టు మీద ఉన్న మనిషి తల సరిగ్గా రెక్కల ఎత్తులో ఉంటుంది. ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్) దించేసి, ఫ్యాన్ స్విచ్ మీద టేపు అంటించండి. తడిగుడ్డతో స్విచ్ బోర్డు చుట్టూ తుడిచేటప్పుడూ ఎంసీబీ దించే ఉండాలి. వెలుతురు తక్కువైతే పక్క గదిలోంచి వైరు లాగి లైటు పెట్టుకోవచ్చు.

పడకగదిలో స్ప్రే డబ్బాలు వద్దు, ఎనామిల్ వద్దు. నీళ్లతో కలిపే యాక్రిలిక్ ఎమల్షన్ చాలు. ముందుగా బొమ్మ గీతలు గీసుకోవడానికి ముదురు పెన్సిల్ వాడితే లేతరంగుల్లోంచి గీత కనబడుతుంది, సుద్దముక్క వాడండి. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా గట్టిపడకముందే ఏటవాలుగా లాగండి. మంచం తలవైపు గోడకైతే బొమ్మను తల ఆనే ఎత్తుకి పైనుంచి మొదలుపెట్టడం తెలివైన పని. కొబ్బరినూనె మరక పడితే ఎంత ముచ్చటైన నెమలికైనా మెడ దగ్గర నల్లటి మచ్చ మిగులుతుంది.

ఆయిల్ పెయింట్ ఎలాగూ వాడతామంటే థిన్నర్‌ను ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ల బాటిల్లో పోసి పెట్టకండి, అది చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. పిల్లలెవరైనా తాగితే వాంతి చేయించకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఆ డబ్బా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వాసన పోయేదాకా రెండు మూడు రాత్రులు హాల్లో పడుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లయితే ఇంకొన్ని రోజులు. మిగిలిన ప్రతి రంగునూ చిన్న సీసాలో పోసి, మూత మీద షేడ్ నంబరు రాసి దాచండి. వానలు తగ్గాక అక్కడక్కడా టచప్ చేయాల్సి వస్తే అచ్చం అదే రంగు మళ్లీ కలపడం షాపువాడికి కూడా కష్టమే.